ఊరు చుట్టొచ్చే బడి ఆటో

చేవెళ్ల బస్టాండు పక్క సందులో మాది పుస్తకాల దుకాణం. నోటు పుస్తకాలు, సంచులు, టైలు, బెల్టులు, సాక్సులు అమ్ముతాను. మా బాపు కాలంలో ఇది కిరాణా దుకాణం. ఊళ్ళలో బడులు పెరిగేకొద్దీ చింతపండు కన్నా టైలకే గిరాకీ ఎక్కువని కనిపెట్టి మార్చింది నేనే. జూన్ నెల వస్తే నాకు అన్నం తినడానికి కూడా తీరదు. ప్రైవేటు బడుల వాళ్ళు ఏడాదికో రంగు మారుస్తారు. అన్న కట్టిన టై తమ్ముడికి పనికి రాకూడదని వాళ్ళ ఎత్తు. ఆ మార్పు నాకు ముందే చెబితే సరే, చెప్పకపోతే పాత రంగు సరుకంతా అటక మీదికి చేరుతుంది. అట్లా చేరిన మెరూన్ రంగు టైల మూట ఒకటి నా అటక మీద చాలా రోజులు ఉండేది. అది ఎట్లా కిందికి దిగిందో తర్వాత చెబుతాను.

ఇది నా కథ కాదు. మా మేడ మీద కిరాయికి ఉండే ఎస్తేర్ టీచర్ కథ.

ఇల్లు చూడడానికి భర్త జయరాజ్‌తో, చిన్న బిడ్డతో వచ్చిన రోజే మా ఇంటావిడ సుగుణమ్మ నీచు వండకూడదని షరతు పెట్టింది. ఎస్తేర్ టీచర్ మొహం మాడ్చుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర వండుకుంటామని, కిటికీలు వేసుకుంటామని, అదీ కూడదంటే వేరే ఇల్లు చూసుకుంటామని మర్యాదగా చెప్పింది. దాచకుండా చెప్పినందుకే సుగుణమ్మకు నచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా కిటికీలు మేమే మూసుకుంటున్నాం.

ఎస్తేర్ పుట్టింది మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లో. తాతల కాలం నుంచి వాళ్ళది ఆ ఊరే, అప్పటి నుంచీ చర్చికి పోయే కుటుంబమే. తండ్రి ద్రాక్ష తోటల్లో కూలి చేసి ఆమెను చదివించాడు. ఊరి సర్కారు బడిలో అయిదో తరగతి దాకా చదివి, ఆ పైన పదో తరగతి దాకా రోజూ మొయినాబాద్‌కు నడిచి పోయింది. ఉద్యోగం వచ్చాక మొదట ప్రొద్దుటూరులో చేసింది, తర్వాత కొండకల్‌లో. కొండకల్‌లో నాగేందర్ అని ఒక పెద్ద సారు ఉండేవాడు. ఒకే గదిలో మూడు తరగతులను కూర్చోబెట్టి, ఒకరికి లెక్కలిచ్చి, ఒకరి చేత చదివించి, ఒకరికి పాఠం చెప్పే పద్ధతి ఆయన దగ్గరే నేర్చుకున్నానని ఆమె చాలాసార్లు చెప్పింది. బదిలీల్లో సొంత ఊరి బడి దొరికినప్పుడు మాకు మిఠాయి డబ్బా తెచ్చి ఇచ్చింది. తాను పలక పట్టుకొని కూర్చున్న బడికి పెద్ద టీచర్‌గా పోతున్నానని ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అందులో అంత సంబరం ఏముందో అర్థం కాలేదు, ఎందుకంటే ఆ ఊరి పిల్లల్లో సగానికి పైగా నా దగ్గర ప్రైవేటు బడుల టైలు కొనే వాళ్ళే.

సర్కారు బడులు ఎందుకు ఖాళీ అవుతున్నాయని అడిగితే, టీచర్లు చెప్పరని ఒక మాట అనేసి చేతులు దులుపుకోవడం అందరికీ అలవాటు. ఆమెను రోజూ చూస్తున్న వాడిగా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రైవేటు బడిలో మూడేళ్ళ పిల్లకు నర్సరీ ఉంటుంది. సర్కారు బడిలో ఒకటో తరగతి అయిదేళ్ళు నిండాక మొదలవుతుంది. ఈలోపు పసుపు వ్యాను ఇంటి ముందుకు వచ్చి హారన్ కొడుతుంది. ఒకసారి ఆ వ్యాను ఎక్కిన పిల్ల ఇక దిగదు. మిగిలిన వాళ్ళలో బాగా చదివే వాళ్ళు నాలుగో తరగతి అయిపోగానే పరీక్ష రాసి గురుకులానికి పోతారు. గురుకులాలు మంచివే, ఎంతోమంది పేదింటి పిల్లలు వాటి వల్ల పైకి వచ్చారు. ఆ పరీక్షకు సాయంత్రం పూట కూర్చోబెట్టి చదివించింది కూడా ఎస్తేర్ టీచరే. సీటు వచ్చిన రోజు బడిలో చాక్లెట్లు పంచేది, మరుసటి వారం ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో కొట్టేసేది. ఎంత బాగా చెబితే బడిలో అంతగా తలలు తగ్గుతాయి. తలలు తగ్గితే ప్రభుత్వం టీచర్‌ను తీసి వేరే బడికి పంపుతుంది. ప్రతి పథకమూ విడిగా చూస్తే మంచిదే, అన్నీ కలిసి ఆ నాలుగు గదుల బడి మీదే పడ్డాయి.

పోయిన ఏడాది వేసవిలో మండల విద్యాశాఖ ఆఫీసర్ సారు టీచర్లను పిలిచి మీటింగు పెట్టాడు. పక్కన ప్రైవేటు వాళ్ళతో పోటీ పడాలని, జూన్ ఆఖరుకు పిల్లలు పెరగకపోతే ఇద్దరున్న చోట ఒక టీచర్‌నే ఉంచుతామని చెప్పాడు. హిమాయత్‌నగర్‌లో ఉన్నది ఇద్దరే. ఎస్తేర్ టీచర్, కొత్తగా ఉద్యోగంలో చేరిన గీతాంజలి. గీతాంజలి పోతే అయిదు తరగతులూ ఒక్క మనిషి మీద పడతాయి. అది చూసి ఉన్న పిల్లలు కూడా వ్యానులు ఎక్కుతారు. ఆ తర్వాత మిగిలేది తాళమే. మీటింగు నుంచి వచ్చిన రోజు ఆమె మేడ మీదికి పోకుండా మా గడప దగ్గరే కూర్చుండిపోయింది. తాను చదివిన బడి తన చేతుల మీదనే మూతపడుతుందేమోనని సుగుణమ్మతో చెప్పి ఏడ్చింది.

జూన్‌లో బడిబాట అని టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించమని అడుగుతారు. ఆమె, గీతాంజలి కలిసి గల్లీ గల్లీ తిరిగారు. మన దగ్గరా ఇంగ్లీష్ మీడియమే అన్నారు. పుస్తకాలు, బట్టలు, మధ్యాహ్నం అన్నం ఉచితం అన్నారు. తల్లులు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు, పిల్లలను మాత్రం ఇస్తామనలేదు. బడికి ఎదురుగానే హర్షిత అనే పిల్ల ఇల్లు. ఆ ఇంటి గడప మీద నిలబడితే బడి గేటు తాకవచ్చు. ఆ పిల్ల తల్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మీరు మంచిగ చెప్తరని తెలుసు టీచర్. కని మీ బడికి బండి రాదు. పొద్దుగాల అందరి పిల్లలు బండెక్కి పోతుంటే మా పిల్ల గేటు తీసుకొని నడ్సుకుంట పోతె ఎట్లుంటది?"

తర్వాత ఇంకో మాట కూడా అడిగింది. "మీ బిడ్డ ఏ బడిల చదువుతున్నది?"

ఎస్తేర్ టీచర్ బిడ్డ సమత అప్పుడు చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి అయిపోయి ఉంది. ఆ టై కూడా నేనే అమ్మాను. టీచర్ లేచి వచ్చేసింది. ఆ వారమే సమతను ఆ బడి మాన్పించి తన బడిలో నాలుగో తరగతిలో చేర్చింది. మేడ మీద రెండు రోజులు జయరాజ్ గొంతు కిందికి వినిపించింది. లోకమంతా బిడ్డలను పైకి ఎక్కిస్తుంటే మనం దించడం ఏమిటని అతని బాధ. తప్పు పట్టలేం. మూడో రోజు అతనే సమతకు కొత్త సంచి కొనడానికి దుకాణానికి వచ్చాడు, నా వైపు చూడకుండా కొనుక్కొని పోయాడు.

బండి రాదన్న మాట మాత్రం ఆమె మనసులో ఉండిపోయింది. చేవెళ్ల నుంచి బస్సులో వచ్చి రోడ్డు మీద దిగితే, అక్కడి నుంచి ఊళ్ళోకి ఆమె పోయేది సాముయేలు షేర్ ఆటోలో. సాముయేలు వాళ్ళ చర్చి పిల్లవాడే, ఆమెను అక్కా అంటాడు. అంతకు ముందు ఒక ప్రైవేటు బడికి పిల్లలను తోలేవాడు. ఆ బడి వాళ్ళు సొంత బస్సు కొనుక్కొని అతన్ని వద్దనేశారు. పొద్దున పూట అతని ఆటో ఖాళీ. ఒకరోజు ఆటోలో పోతూ పోతూ ఆమె అతనితో మాట్లాడి ఖాయం చేసుకుంది. పొద్దున పూట అతను పిల్లలను బడికి తోలేట్టు, చర్చి వాళ్ళు కొంత, పిల్లల తల్లులు కొంత వేసుకొని డీజిల్ ఖర్చు చూసుకునేట్టు, ఆటోకు బడి పేరు రాసిన పసుపు రంగు బోర్డు కట్టేట్టు.

ఆ బోర్డు రాయించుకొని వచ్చిన రోజే ఆమె నా అటక వైపు చూసింది. మెరూన్ టైలు ఎట్లాగూ ఎవరూ కొనరు కదా అంకుల్ అన్నది. నేను ఏదో బేరం ఆడబోయాను. సుగుణమ్మ నిచ్చెన వేసి మూట దించేసింది.

అవి మొయినాబాద్‌లో పెద్ద పేరున్న ఒక ప్రైవేటు బడి పోయినేటి టైలు. హిమాయత్‌నగర్‌లో అందరూ గుర్తుపట్టారు. నవ్వుతారని నేను అనుకున్నాను. నవ్వలేదు. ఇది ఆ బడి టై కదా అని ఒకరికొకరు చెప్పుకొని మరీ తమ పిల్లకూ ఒకటి కావాలన్నారు. ముప్పై ఏళ్ళుగా ఈ సరుకు అమ్ముతున్నాను గానీ మనుషులు దాన్ని ఎందుకు కొంటారో నాకు ఆ రోజే సరిగ్గా తెలిసింది.

ఆటో సంగతి నేను కళ్ళారా చూశాను. ఒక ఉదయం చాక్‌పీసులు ఇవ్వడానికి స్కూటర్ మీద పోయాను. సాముయేలు మొదట బడికి ఎదురిల్లు హర్షితను ఎక్కించుకున్నాడు. అక్కడి నుంచి చర్చి గల్లీ, పాల కేంద్రం, రోడ్డు మలుపు అన్నీ తిరిగాడు. పసుపు వ్యానులు ఆగే చోట కావాలని హారన్ కొట్టాడు. పిల్లలంతా బయటికి తలలు పెట్టి వ్యానులోని పిల్లలకు చేతులు ఊపారు. అట్లా ఊరంతా చుట్టి వచ్చి బడి ముందు ఆగాక హర్షిత దిగింది. దిగిన చోటి నుంచి చూస్తే వాళ్ళమ్మ గడపలో బియ్యం చెరుగుతూ కనిపిస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. ఎస్తేర్ టీచర్ కూడా నవ్వింది.

"నవ్వు అంకుల్, ఏమనుకోను. లోపలికి వచ్చినంక చదువు నేను చెప్త. లోపలికైతే రావాలె గద" అన్నది.

ఊళ్ళో నుంచి వచ్చిన వాళ్ళు కొందరే. చాలామంది తల్లిదండ్రులు అప్పటికే ప్రైవేటు బడుల్లో ఫీజు కట్టేశారు. నెలాఖరు దగ్గరపడుతోంది, ఇద్దరు టీచర్లు ఉండడానికి కావలసిన లెక్క నిండలేదు. అప్పుడు నడిమిగూడ వాళ్ళు వచ్చారు. హిమాయత్‌నగర్ దాటి పొలాల మధ్య ఉన్న చిన్న పల్లె అది. అక్కడా ఒక సర్కారు బడి ఉంది. ఒకటే గది, ఒక్కడే సారు. కొండకల్‌లో ఎస్తేర్‌కు పని నేర్పిన నాగేందర్ సారే బదిలీ మీద అక్కడికి వచ్చి ఉన్నాడు. పది మంది పిల్లలుండేవారు. ఇక్కడ ఇద్దరు టీచర్లున్నారు, ఆటో ఉంది, టై ఉంది, మా పిల్లలనూ తీసుకోమని ఆ తల్లులు అడిగారు.

ఆమె రెండు రోజులు ఊ అనలేదు, ఉహూ అనలేదు. కాదంటే వాళ్ళు ప్రైవేటుకు పోతారని సాముయేలు అన్నాడు. ఇక్కడైతే ఇద్దరం ఉన్నాం, పిల్లలకు మంచిదే కదా అని గీతాంజలి అన్నది. ఆ మాట అబద్ధం కాదు. చివరికి ఆమె సరేనన్నది. పది మందిలో తొమ్మిది మంది ఆటో ఎక్కారు. పదో పిల్ల ఏదని టీచర్ ఒకసారి అడిగింది. ఆ పిల్ల పల్లెలో ఉండదని, ఇంకా అవతల గులాబీ తోటలో వాళ్ళ అవ్వ దగ్గర ఉంటుందని, అక్కడి దాకా పోతే ఊళ్ళో పిల్లలను తిప్పడానికి టైము సరిపోదని సాముయేలు చెప్పాడు. తర్వాత చూద్దాం తమ్ముడూ అన్నది. ఆ తర్వాత జూలై అంతా గడిచిపోయింది.

జూన్ ఆఖరున ఆఫీసర్ వచ్చి తలలు లెక్కపెట్టుకున్నాడు. గీతాంజలిని కదిలించలేదు. నడిమిగూడ బడికి మాత్రం తాత్కాలికం అని రాసి తాళం వేశారు. నాగేందర్ సార్‌ను శంకర్‌పల్లి వైపు ఎక్కడికో పంపారు. పోయే ముందు ఆయన మా దుకాణానికి ఎర్ర సిరా పెన్నులు కొనడానికి వచ్చాడు. ఎస్తేర్ మీద ఒక్క మాట అనలేదు. పిల్లలు బాగుంటే అంతే చాలు కాశీనాథ్ అన్నా, అని నాతో అన్నాడు. ఆ మాట చెబుదామని సాయంత్రం మేడ ఎక్కాను. అప్పటికే ఆమెకు తెలుసు. కొండకల్ రోజుల నాటి ఫోటో ఒకటి ముందు పెట్టుకొని కూర్చుని ఉంది. నేను చెప్పకుండానే దిగి వచ్చేశాను.

పోటీ పడమన్నారు, పడింది. నాలుగు బస్సులున్న బడి నుంచి ఒక పిల్లను లాగడానికి నెల రోజులు తిరగాల్సి వచ్చింది. ఒక్క సారున్న సర్కారు బడిని ఖాళీ చేయడానికి రెండు రోజులు చాలాయి. బలమైన వాడితో పోటీ అంటారు గానీ దెబ్బ పడేది పక్కన ఉన్న బక్క ప్రాణం మీదే. ఈ సంగతి నా వ్యాపారంలో నేను ఎన్నోసార్లు చూశాను. బడుల్లో కూడా అదే అవుతుందని మాత్రం అనుకోలేదు.

ఆగస్టు పదిహేనుకు బిస్కెట్ల పెట్టెలు తీసుకొని సుగుణమ్మతో సహా నేనూ హిమాయత్‌నగర్ పోయాను. బడి నిండుగా ఉంది. ముగ్గుల మధ్య జెండా కర్ర, మెరూన్ టైలతో వరసగా పిల్లలు, వెనకాల తల్లులు. ఆఫీసర్ సారు వచ్చి జెండా ఎగరేశాడు. మండలంలో సర్కారు బడులన్నీ హిమాయత్‌నగర్‌ను చూసి నేర్చుకోవాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అబద్ధం ఎందుకు, నాకు చాలా గర్వంగా ఉండింది.

చప్పట్లు ఆగాక గేటు దగ్గర ఒక ముసలామె కనిపించింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్ర బురద. పక్కన ఏడేళ్ళ పిల్ల, తలలో రెండు గులాబీలు. ఆమె సుక్కమ్మ, గులాబీ తోటలో పూలు కోసే కూలీ. కూతురు, అల్లుడు పని కోసం పట్నం పోయి పిల్లను ఆమె దగ్గర ఉంచారు. ఆ పిల్ల సాహిత్య, నడిమిగూడ బడిలో పదో పిల్ల. తెల్లారకముందే పూలు కోయడానికి దిగాలి గనుక సుక్కమ్మకు బడికి దింపి రావడం కుదరదు. ఇదివరకు బడి పల్లె బయట తోట వైపే ఉండేది కాబట్టి పిల్ల తానే పోయి వచ్చేది, ఆటో ఆగే చోటు దాకా మాత్రం ఒంటరిగా పోలేదు. తాళం పడ్డాక తోటలోనే ఉంటోంది.

ఎస్తేర్ టీచర్ ఎదురు పోయి కూర్చోమన్నది. సుక్కమ్మ కూర్చోలేదు. గొంతు పెంచలేదు గానీ అందరికీ వినిపించింది.

"మా నడిమిగూడల ఈసారి జెండా ఎక్కియ్యలే టీచరమ్మా. బడికి తాళమున్నది. పిల్ల జెండా జెండా అని ఏడుస్తుంటే ఈడికి తోల్కొచ్చిన."

టీచర్ ఏదో చెప్పబోయింది. సుక్కమ్మ జెండా వైపు చూస్తూనే రెండో మాట అన్నది.

"మా బడి మీ ఆటో ఎక్కి ఈడికొచ్చింది. మా పిల్ల ఒక్కతే ఆడ మిగిలింది."

ఆఫీసర్ ఫోన్ చూసుకున్నాడు. సుగుణమ్మ పోయి ఆ పిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టింది. పిల్ల దాన్ని తెరవకుండా వరసలో నిలబడ్డ తన పాత దోస్తులను, వాళ్ళ టైలను చూస్తూ ఉండిపోయింది. ఎస్తేర్ టీచర్ ముఖం చూడడం నా వల్ల కాలేదు. ఆ పిల్ల సంగతి ఆమెకు జూన్‌లోనే తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె గీతాంజలికి ఫోన్ చేసింది. మా గడప దగ్గరే నిలబడి చేసింది కాబట్టి నేను విన్నాను. సోమవారం నుంచి ఆటో పొద్దున్నే నేరుగా గులాబీ తోటకు పోతుంది. సాహిత్యను ఎక్కించుకొని, నడిమిగూడ పిల్లలను ఎక్కించుకొని బడికి వస్తుంది. ఊళ్ళో పిల్లలను తిప్పడం ఉండదు, వాళ్ళు నడిచి రావాలి. అవతలి నుంచి గీతాంజలి ఏమన్నదో ఆమె ఫోన్ పెట్టేశాక చెప్పింది. బండి లేదంటే కొందరు మానేస్తారు, లెక్క తప్పుతుంది, నన్ను పంపించేస్తారు మేడమ్ అన్నదట. తెలుసు గీతా అని మాత్రం ఈమె అన్నది.

ఊళ్ళో తల్లులను బడికి పిలిచి ఆ సంగతి ఆమే చెప్పింది. హర్షిత తల్లి అందరికన్నా ముందు లేచింది. బండి ఉన్నదంటేనే చేర్పించినమని, ఇప్పుడు మాట మారుస్తున్నారని అన్నది. ఎస్తేర్ టీచర్ కాదనలేదు. మీ పిల్ల నడవగలదు, ఆ పిల్ల అంత దూరం నడవలేదు అని ఒక్కటే చెప్పింది. ఎందరు నడిపిస్తారో సోమవారం దాకా తెలియదు.

సోమవారం ఆమె బస్సు దిగి సాముయేలు కోసం చూడకుండా రోడ్డు మలుపు నుంచి నడుచుకుంటూ బయలుదేరింది. అక్కడ ఇద్దరు పిల్లలు. పాల కేంద్రం దగ్గర ఇంకొందరు. చర్చి గల్లీ దాటేసరికి వెనకాల వరస తయారయింది. ఆటో తిరిగిన దారినే పిల్లలను వెంటబెట్టుకొని ఊరు చుట్టింది. సమత వరసకు ముందు నడిచి ఎక్కం చెబితే వెనకాల వాళ్ళు అందుకున్నారట. పసుపు వ్యాను ఒకటి వాళ్ళ వెనక చిక్కుకొని హారన్ కొట్టినా వరస చెదరలేదని సాముయేలు నాకు సంబరంగా చెప్పాడు. అయినా ముగ్గురు రాలేదు. అందులో హర్షిత ఒకతి. ఎదురింటి ముందుకు మళ్ళీ పసుపు వ్యాను వచ్చింది.

సాహిత్యను కలుపుకున్నా లెక్కకు ఇద్దరు తక్కువ పడ్డారు. సెప్టెంబరులో మళ్ళీ లెక్క చూసి గీతాంజలిని మొయినాబాద్ దగ్గర ఇంకో బడికి పంపేశారు. పోయే రోజు గీతాంజలి మేడ మీదికి వచ్చి ఎస్తేర్ టీచర్‌ను పట్టుకొని ఏడ్చింది. ఒక్క పిల్ల కోసం ఇంత పోగొట్టుకున్నావే అని మా సుగుణమ్మ బాధపడింది. నాకైతే కోపం వచ్చింది. ఎవరి మీద అంటే తేల్చి చెప్పలేను. హర్షిత తల్లి మీద వచ్చింది, ఆఫీసర్ మీద వచ్చింది, టైలు అమ్ముకునే నా మీద కూడా వచ్చింది. ఎస్తేర్ టీచర్ మాత్రం మరుసటి రోజు పాఠాలకు నల్ల బల్ల మీద గీతలు ఎట్లా గీయాలో కాగితం మీద వేసుకుంటూ కూర్చుంది. ఒకే గదిలో అయిదు తరగతులు.

మరుసటి రోజు సంగతి ఆమే సుగుణమ్మకు చెప్పింది. ఒక్క టీచరే మిగిలిందని ఊళ్ళో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఇదే మాట మీద తల్లులు నడిమిగూడ బడిని వదిలి వచ్చారు. ఇవాళ ఎవరు వస్తారు, ఎవరు మానేస్తారు అని ఆమె గేటు పట్టుకొని నిలబడిందట. నడిచి వచ్చే పిల్లలు వచ్చారు. ఆటో మాత్రం ఎప్పుడూ వచ్చే వేళకు రాలేదు. వాళ్ళు ఇక రారనుకొని లోపలికి తిరిగిందట. అప్పుడు ఆటో వినిపించింది.

నడిమిగూడ పిల్లలంతా ఉన్నారు. ముందు సీట్లో సాముయేలు పక్కన సుక్కమ్మ కూర్చొని ఉంది. పూల పని ఆ పూటకు మానుకొని, మానేద్దామనుకున్న ఇళ్ళకు పోయి పిల్లలను తానే ఎక్కించుకొని వచ్చింది. ఆలస్యం అందుకే. సాహిత్య చెయ్యి పట్టుకొని దింపి, టీచర్ ముందుకు తెచ్చింది.

"ఒక్కరే ఉన్నరంట గద. మా నాగేందర్ సార్ గూడ ఒక్కడే చెప్తుండె టీచరమ్మా. అది తక్కువ సదువని ఎవలన్నరు?"

ఎస్తేర్ టీచర్ సాహిత్య చెయ్యి అందుకొని లోపలికి తీసుకుపోయింది. మూడు వరసలు ఒకవైపు, రెండు వరసలు ఒకవైపు కూర్చోబెట్టి, నాగేందర్ సారు చెప్పినట్టే ఒకరికి లెక్కలిచ్చి, ఒకరికి చదవడం ఇచ్చి, చిన్న వాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.